బూతు లేని వ్యాఖ్యల విషయమై

ఆన్‌లైన్ ఫిర్యాదుల పరిష్కార అధికారి గారి సముఖమునకు,

హార్డ్‌వేర్ షాపు యజమాని, 'మనమే బాగుచేసుకుందాం' అను ఆన్‌లైన్ బృందం నిర్వాహకుడు, తమ వరండాలోని బెంచీకి బాగా పరిచయస్తుడు అయిన అర్జీదారు రాసుకున్నది.

విషయం: సదరు బృందంలో 'మీ శ్రేయోభిలాషి' అను పేరుగల వ్యక్తి మా వదినగారి ఫొటోల కింద మిక్కిలి మర్యాదగా వ్యాఖ్యలు రాయుచుండుట, ఆ మర్యాదకు తట్టుకోలేక ఆమె సొంత ఇల్లు విడిచి వచ్చుట, అతడెవరో కనుగొని ఆపవలసిందిగా ప్రార్థించుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను పంపుకున్న అర్జీలు, వాటికి తమ కార్యాలయం దయచేసిన జవాబులు. మొదటి జవాబు చదివి నవ్వాను. తర్వాతివి చదివి నవ్వలేదు.

అయ్యా,

పై విషయం తమకు కొత్త కాదు. అయినా ప్రతిసారీ కొత్త అర్జీగానే రాయాలని తమ కౌంటరు గుమాస్తా గారు సెలవిచ్చినందున, తమరు ఇంతకుముందువేవీ చదవలేదనే భావించుకుని మొదటి నుంచి మనవి చేసుకుంటున్నాను. అలా భావించుకోవడం నాకేమంత కష్టం కాలేదు.

1. నేను కుళాయిలు, మేకులు, గొళ్ళేలు, పైపులు అమ్ముకుని బతికేవాణ్ణి. మా షాపుకి కొనడానికి వచ్చేవాళ్ళకన్నా అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. కుళాయి కారుతోంది, ఏం చేయమంటారు? తలుపు నేలకి రాసుకుంటోంది, ఎక్కడ చెక్కమంటారు? ఇలా నా మెదడు తినేసి, పోతూ పోతూ ఒక వాషరు కొనుక్కుని వెళతారు. "ఒక్కొక్కరికీ నోరు నొప్పెట్టేలా చెప్పేబదులు అందరినీ ఒకచోట చేర్చి చెప్పరాదూ" అని నా భార్య సలహా ఇవ్వగా సదరు బృందాన్ని ప్రారంభించడమైనది. పాడైన వస్తువు ఫొటో పెడితే తెలిసినవాళ్ళు ఉపాయం చెబుతారు. ఇప్పుడు అందులో ఒక చిన్న ఊరికి సరిపడా జనం ఉన్నారు. ఊరన్నాక ఉండే రకరకాల మనుషులూ ఉన్నారు.

ఈ బృందానికి కాపలా ముగ్గురం: నేను, నా భార్య, బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మాస్టారు ఒకరు. కొత్త సభ్యులు రాసే ప్రతి వ్యాఖ్యా ముందు మా దగ్గరికి వస్తుంది. ఉంచాలా, తీసేయాలా అని ముగ్గురం ఓట్లు వేసుకుంటాం. ఇద్దరు ఎటంటే అటు. మేం 'ఆమోదించు' అని నొక్కితేనే అది పదిమందికీ కనపడుతుంది. కానీ ఫొటో ఎవరు పెట్టారో వాళ్ళ ఫోనుకు మాత్రం మేం చూడకముందే చేరిపోతుంది. ఈ ఏర్పాటు ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో నాకు తెలియదు.

2. మా వదినగారు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తారు. మా అన్న ఓడ మీద ఉద్యోగి, ఏడాదిలో చాలాభాగం నీళ్ళ మీదే ఉంటాడు. కాబట్టి ఇంట్లో ఏది చెడిపోయినా ఆమే విప్పుతుంది, ఆమే బిగిస్తుంది. బాగుచేసినదాన్ని ఫొటో తీసి బృందంలో పెడుతుంది. "ముందు ప్లగ్గు పీకండి, తర్వాత నన్ను పిలవండి" అని ఆమె రాసిన మాట బృందంలో అందరికీ నోటికొచ్చు. నేను వదినా అని పిలవడం చూసి ముక్కూమొహం తెలియని జనమంతా ఆమెను వదినా అనడం మొదలుపెట్టారు. తాత వయసువాళ్ళు కూడా "వదినా, మా మోటారు ఆడటం లేదు" అని రాస్తారు. అసలు మరిదిని నేనొక్కణ్ణే కదా అని మొరపెట్టుకుంటే ఆమె, "పోనీలేవయ్యా, నీకంటే వాళ్ళే నయం. థ్యాంక్స్ అయినా చెబుతారు" అని నవ్వేది. ఆ బృందంలో ఆమెకు అదొక ముచ్చట. ఇంటికి వెళ్ళాక మాట్లాడే మనిషి లేని ఆడదానికి అది చిన్న విషయం కాదు.

3. సదరు శ్రేయోభిలాషి ఈ ముచ్చట మధ్యలోకి వచ్చిన కొత్త సభ్యుడు. అతడు ఎవరికీ ఉపాయం చెప్పడు, ఎవరినీ ఉపాయం అడగడు. మా వదినగారి ఫొటోల కింద మాత్రమే రాస్తాడు. తమ పరిశీలనార్థం కొన్ని ఉన్నవి ఉన్నట్టుగా పొందుపరుస్తున్నాను.

"వదినగారూ, కుళాయి చక్కగా బిగించారు. గుమ్మం దగ్గర ఎప్పుడూ ఉండే బూడిద రంగు చెప్పులు ఈ ఫొటోలో లేవు. కొత్తవి కొన్నారా?"

దీనికి మేం 'ఉంచు' అనే ఓటు వేశాం. వదిన కూడా నవ్వేసింది. "నా చెప్పుల మీద మీ అన్నకి లేని శ్రద్ధ వీడికెందుకయ్యా" అంది.

"ఫ్యాను రెక్కలు అద్దంలా తుడిచారు. కుర్చీని కిటికీ దగ్గర నుంచి గోడవైపు జరిపినట్టున్నారు. కిటికీ దగ్గరే బాగుండేది. మీరు కనపడేవారు."

దీనికి నా భార్య, నేను 'తీసెయ్' అన్నాం. డ్రిల్లు మాస్టారు 'ఉంచు' అన్నారు. "బూతు లేదు కదయ్యా. విజిల్ వేయడానికి ఏదో ఒక తప్పుండాలి" అని ఆయన వాదన.

"ఎడమ చేతి కట్టు తీసేశారు. సంతోషం."

ఆ ఫొటోలో ఉన్నది కుడిచెయ్యి ఒక్కటే, స్క్రూడ్రైవరు పట్టుకుని. ఎడమ చేతికి కట్టు ఉండేదని బృందంలో ఎవరికీ తెలియదు.

"వంటింటి కిటికీ గొళ్ళెం సరిగా పడదు కదా. అశ్రద్ధ చేయకండి."

వంటింటి కిటికీ ఫొటో ఆమె ఏనాడూ పెట్టలేదు. ఇది చదివి వదిన నవ్వలేదు. నాకు ఫోన్ చేసి, "చూశావా?" అని మాత్రం అంది.

4. బృందంలో చెడ్డ మాటలు పట్టుకోవడానికి యాప్ వాళ్ళు పెట్టిన యంత్రం ఒకటి ఉంది. దాని పనితీరు గురించి కూడా తమకు విన్నవించుకోవాలి. "చెదలను చంపడానికి ఏది మంచి మందు?" అని ఒక అమ్మమ్మగారు అడిగితే ప్రాణహాని తలపెట్టారని చెప్పి ఆమెను వారంపాటు బయట నిలబెట్టింది. "పైపును మెడ దగ్గర కోసెయ్యండి" అని రాసినందుకు డ్రిల్లు మాస్టారికే హెచ్చరిక వచ్చింది. ఆయన ఆ అవమానం నుంచి ఇంకా తేరుకోలేదు. కానీ కిటికీ దగ్గర కుర్చీ ఉంటే మీరు కనపడేవారు అన్నవాణ్ణి ఆ యంత్రం కన్నెత్తి చూడలేదు. పైగా అతని వ్యాఖ్యలన్నిటికీ పక్కన 'స్నేహపూర్వకం' అని ఆకుపచ్చ చుక్క పెట్టింది.

5. ఈ దశలో తమకు మొదటి అర్జీ పెట్టుకున్నాను. వ్యాఖ్యలలోని అభ్యంతరకరమైన పదాలను ఎర్ర సిరాతో గీత గీసి చూపవలెనని తమ కార్యాలయం జవాబు ఇచ్చింది. నేనూ నా భార్యా ఎర్ర పెన్ను తెచ్చుకుని కూర్చున్నాం. 'చెప్పులు' కింద గీయాలా? 'సంతోషం' కింద గీయాలా? 'గొళ్ళెం' అనే పదానికి అభ్యంతరం చెబితే రేపు నేను షాపు మూసుకోవాలి. నా భార్య పెన్ను మూత పెట్టేసి, "కాగితం మొత్తం ఎర్రసిరాలో ముంచి ఆరేసి పంపండి" అంది. సాహసించలేక నేనే స్వయంగా తమ కార్యాలయానికి హాజరయ్యాను.

గుమాస్తా గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో బూతేదండీ?" అన్నారు.

"బూతు లేదండీ."

"బెదిరింపు?"

"అదీ లేదండీ. మర్యాదగానే రాస్తున్నాడు."

"మర్యాదగా రాస్తున్నాడని ఫిర్యాదు పెడతారా? రోజూ ఇక్కడికొచ్చే కంపు చదివారంటే ఈయన ఫొటో కట్టించి గోడకి తగిలించుకుంటారు."

పక్క బల్ల దగ్గర స్టాంపులు వేస్తున్న ఆవిడ, "ఇటివ్వండి సార్" అని కాగితం అందుకున్నారు. చదువుతూ చదువుతూ చేతిలో స్టాంపు పక్కన పెట్టేశారు.

"ఆ గొళ్ళెం పడదని వీడికెట్లా తెలుసు?" అన్నారు.

"గొళ్ళెం అభ్యంతరకరమైన పదం కాదు కదమ్మా" అన్నారు గుమాస్తా గారు.

"పదం కాదు సార్" అని ఊరుకున్నారావిడ. కాగితాన్ని నాకు తిరిగి ఇచ్చేటప్పుడు అంచు పట్టుకుని ఇచ్చారు. తమ కార్యాలయంలో నా అర్జీ చదివిన వ్యక్తి ఆవిడ ఒక్కరేనని నా నమ్మకం. ఆవిడకు ప్రమోషన్ ఇవ్వవలసిందిగా ఇందుమూలంగా ప్రార్థిస్తున్నాను. ఇది అసలు విషయానికి సంబంధించింది కాదు.

పోలీసు స్టేషన్‌కి కూడా వెళ్ళాను. "ఫోన్లో రాసేదైతే ఆ ఆఫీసుకి వెళ్ళండి, తలుపు తడితే మా దగ్గరికి రండి" అన్నారు. తలుపు తట్టేదాకా ఆగడమే మా వంతు కర్తవ్యమని గ్రహించాను.

6. అతణ్ణి బృందంలోంచి తీసేయవచ్చు కదా అని తమకు సందేహం కలగవచ్చు. తీసేశాం. పొద్దున తీసేస్తే మధ్యాహ్నానికి అదే పేరుతో కొత్త ఖాతా తెరుచుకుని వచ్చాడు. "బయటికి పంపినందుకు బాధ లేదు. వదినగారి క్షేమం తెలుసుకోకుండా ఉండలేను" అని రాశాడు. అప్పుడే వదిన అంది: "నువ్వు వాణ్ణి బృందంలోంచి తీస్తావు సరే. నా వీధిలోంచి ఎట్లా తీస్తావు?" "ఈ పేరుతో ఉన్నంతకాలం కనీసం వాడేనని తెలుస్తుంది. తరిమితే ఇంకో పేరు పెట్టుకుంటాడు, అప్పుడు అదీ తెలియదు" అని నా భార్య అన్నందున అతణ్ణి మళ్ళీ తీసేయలేదు. వ్యాఖ్యలను మాత్రం వచ్చినవి వచ్చినట్టు చెరిపేస్తూ వచ్చాం. ఇది జరిగాక తమకు రెండో అర్జీ పెట్టుకున్నాను.

తొలగించిన వ్యాఖ్య లేని వ్యాఖ్యతో సమానమని, లేని వ్యాఖ్య మీద చర్య తీసుకొనుట సాధ్యపడదని తమ కార్యాలయం జవాబిచ్చింది. ఫోను తెర ఫొటోలు తీసి పెట్టుకున్నాను, చూడండి అంటే, అవి ఎవరైనా తయారు చేయగలరని, ప్రత్యక్షంగా ఉన్న వ్యాఖ్యలనే పరిశీలిస్తామని సెలవిచ్చారు.

అయ్యా, ఇక్కడ నేనొక ఘనకార్యం చేశాను. తమకు ప్రత్యక్ష వ్యాఖ్యలు కావాలి. మేం ఏమీ నొక్కకుండా వదిలేస్తే కొన్నాళ్ళకు అవే మాయమైపోతాయి. నిలబడాలంటే 'ఆమోదించు' నొక్కాలి. అందుకని అతను రాసినవన్నీ వరుసగా ఆమోదించుకుంటూ పోయాను. వదినకి చెప్పే చేశాను. "సాక్ష్యం కోసమైతే ఉండనీ, నేను చూడను" అంది. నేను ఆమోదించినప్పుడల్లా "మీ వ్యాఖ్య అందరికీ నచ్చింది, ఇలాగే రాస్తూ ఉండండి" అని యాప్ అతనికి కబురు పంపుతోందని నాకు తెలియదు. తీసివేతలు లేకుండా వరుసగా ఆమోదం పొందినవాడికి బిరుదు ఇస్తారని అసలే తెలియదు.

ఒకనాడు బృందంలో అందరి ఫోన్లూ మోగాయి. "మన బృందానికి కొత్త విశ్వసనీయ సభ్యుడు దొరికారు. అభినందించండి." 'మీ శ్రేయోభిలాషి' పేరు పక్కన పసుపు నక్షత్రం. జనం పూల బొమ్మలు కురిపించారు. "మీలాంటి మర్యాదస్తులు ఉండబట్టే ఈ బృందం నిలబడింది సార్" అని ఒక పెద్దమనిషి రాశాడు. ఆ క్షణం నుంచి అతని వ్యాఖ్యలు మా ముగ్గురి దాకా రావడం మానేశాయి. విశ్వసనీయ సభ్యుడికి కాపలా అక్కర్లేదట.

వదిన పనిలో ఉండగా చూసింది. అద్దం అరగదీసే యంత్రం చప్పుడు మధ్యలోంచి ఫోన్ చేసింది.

"ఆ నక్షత్రం వాడికి ఎవరిచ్చారు?"

"యాప్ ఇచ్చింది వదినా."

"యాప్‌కి ఎవరు చెప్పారు?"

నేను నోరు తెరిచేలోపే ఆమె, "సరేలే, పనిలో ఉన్నాను" అని పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

డ్రిల్లు మాస్టారు మరునాడు మా షాపుకి వచ్చి, మేకుల డబ్బా పక్కన చాలాసేపు కూర్చున్నారు. "నేను చూసిన ఆటల్లో తప్పంటే కాలడ్డం పెట్టడమో, చొక్కా పట్టుకు లాగడమో. ఇట్లాంటిది చూడలేదయ్యా" అన్నారు. అప్పటినుంచి ఆయన కూడా 'తీసెయ్' అనే అంటున్నారు. తీసేసే అధికారం ఇప్పుడు మాకు లేదు. నక్షత్రం వెనక్కి తీసుకోవాలంటే సదరు సభ్యుడి మీద రుజువైన ఫిర్యాదు ఉండాలని, రుజువు చేయవలసింది తమ కార్యాలయమని యాప్ వాళ్ళు రాశారు. తమ కార్యాలయమేమో, వ్యాఖ్యలను అర్జీదారే ఆమోదించినట్లు రికార్డులో ఉన్నందున అర్జీదారుకు అభ్యంతరం లేనట్లు పరిగణించి ఫిర్యాదు మూసివేయడమైనదని రాసింది. వదిన మా ఇంటికి వచ్చేశాక, మళ్ళీ తెరవమని తమ ఫారం నింపి ఇంకో అర్జీ పెట్టుకున్నాను. దానికి ఇంకా జవాబు రాలేదు.

ఇక్కడి నుంచి అంకెలు వేయను. వేసినా తమరు వాటిని లెక్కించారన్న దాఖలా లేదు.

"నిన్న దీపం తొందరగా ఆర్పేశారు. ఒంట్లో కులాసాయేనా?" అని నక్షత్రంతో సహా వచ్చిన రోజున మా వదిన ఒక సంచి సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. మా అమ్మాయి గదిలో ఉంటోంది. వచ్చిన రోజు నుంచి ఊరికే కూర్చోలేక మా ఇంట్లో వస్తువులన్నీ బాగుచేసింది. బీరువా తలుపు, బాత్‌రూము కుళాయి, కుక్కర్ పిడి, నేను హార్డ్‌వేర్ షాపు పెట్టుకుని కూడా ఏళ్ళ తరబడి పట్టించుకోని వీధి తలుపు కీళ్ళు, అన్నీ. మర్నాడు చూస్తే స్టూలు వేసుకుని ఆ వీధి తలుపు కీలును మళ్ళీ వదులు చేస్తోంది. ఎందుకు వదినా అంటే, "చప్పుడు రాకపోతే ఎవరైనా వచ్చినట్టు తెలియదు కదయ్యా" అంది. ఇప్పుడు మా వీధి తలుపు పాతరోజుల్లోకన్నా గట్టిగా కీచుమంటుంది. అది కీచుమన్నప్పుడల్లా ఆమె మెడ తిరుగుతుంది.

వాడెవడో తెలియకపోవడం వల్ల ఆమెకు మగవాళ్ళందరూ వాడే అయ్యారు. నీళ్ళ మీటరు చూసే అతను, కింది వాటాలో ట్యూషన్లు చెప్పే కుర్రాడు, బస్సులో ఎదురు సీటు మనిషి, కళ్ళజోడు వదులైందని వారం వారం షాపుకి వచ్చే ముసలాయన. "అందరూ మర్యాదగానే ఉంటారు. అదే కదా గొడవ" అంటుంది. మా అన్నకు చెప్పలేదు. నీళ్ళ మధ్యలో ఉన్నవాడు ఏం చేయగలడు, నిద్ర పాడుచేసుకోవడం తప్ప అంటుంది.

మొన్న నేను అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాను. నా భార్య గిన్నెలు తోముతోంది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఒకటి అడుగుతా. కోపం తెచ్చుకోకూడదు."

"అడుగు వదినా."

"అది నువ్వు కాదు కదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా భార్య కుళాయి కట్టేసింది.

అయ్యా, ఆమె లెక్క తప్పేమీ కాదు. ఎడమ చెయ్యి తెగినప్పుడు కట్టు కట్టించింది నేను. ఆ వంటింటి కిటికీకి గొళ్ళెం బిగించింది నేను. మర చిన్నదైంది, పొడుగుది తెచ్చి వేస్తానని చెప్పి మరిచిపోయిందీ నేనే. అది పడదని తెలిసింది ఆమెకి, మా అన్నకి, నాకు. వాడికి తెలిసిందంటే కిటికీ దాకా వచ్చి తోసి చూశాడని అర్థం. లేదా వాడు నేనని అర్థం. ఆ రెండింటిలో ఆమె ఏది నమ్మితే రాత్రి కొంచెం నిద్ర పడుతుంది? ఆ మాట ఆలోచించే ధైర్యం నాకు లేదు.

నా ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాను. అక్కర్లేదు అంటుందనుకున్నాను. అనలేదు. కుర్చీలో కూర్చుని మొత్తం చూసింది. చూసి, బల్ల మీద పెట్టి, "ఏమనుకోకు బాబూ" అంది. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన కొత్తలో నన్ను బాబూ అనేది, తర్వాత ఎప్పుడూ అనలేదు. నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. అడిగినందుకు కాదు. అడగకుండా ఎన్నాళ్ళు మోసిందో, ఆ అనుమానంతోనే నా ఇంట్లో ఎట్లా పడుకుందో అది తలుచుకుని. తమ కార్యాలయం ఫారంలో ఏ గడిలో రాయాలి ఈ నష్టం? ఉంటే చెప్పండి, నింపుతాను.

కావున తమ దివ్యసముఖమునకు ప్రార్థించునది ఏమనగా: సదరు వ్యాఖ్యలను పదాలుగా కాక, తమరి ఇంటి ఆడవాళ్ళ ఫోనుకి వచ్చినట్టుగా ఒక్కసారి చదవవలెను. వాడు ఏ ఫోను నుంచి రాస్తున్నాడో యాప్ వాళ్ళను అడిగి పోలీసులకు తెలుపవలెను. వాడెవడో మా వదినకు తెలియజేయించవలెను. ఆమె వాణ్ణి కొట్టాలని అడగడం లేదు, జైల్లో పెట్టాలని కూడా అడగడం లేదు. "మొహం ఒక్కటి తెలిస్తే చాలు, మిగతా మొహాలన్నీ నాకు తిరిగొస్తాయి" అంటోంది. నక్షత్రం మాట తమ దయ.

ఈ మనవిని ముక్కలుగా కోయకుండా మొత్తంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఓపిక మిగిలినంత మేరకు,
హార్డ్‌వేర్ షాపు యజమాని

తా.క.: పై అర్జీ జేబులో పెట్టుకుని తమ కార్యాలయానికి బయలుదేరబోతుండగా, గత అర్జీకి తమ జవాబు వచ్చింది. సంతోషించాను, తెరిచేదాకా.

"ఫిర్యాదును తిరిగి తెరవడమైనది. ప్రతివాదికి కూడా తన వాదన వినిపించే అవకాశం ఇచ్చుట న్యాయము కనుక, తమరి అర్జీ నకలును జతపరచిన పత్రములతో సహా యాప్ ద్వారా ఆయనకు పంపడమైనది. యాప్ వారి నుంచి తెప్పించిన ప్రతివాది పేరు, చిరునామా ఈ కార్యాలయంలో నమోదై ఉన్నవి గాని, అవి గోప్యములు కనుక తమకు తెలుపుటకు వీలుపడదు."

సార్, ఆ జతపరచిన పత్రాల్లో మీ ఆఫీసు ఫారం ఉంది. 'బాధితురాలి ప్రస్తుత నివాసం' అనే గడి ఖాళీగా వదిలితే గుమాస్తా గారు తీసుకోలేదు. మా ఇంటి నంబరు రాశాను. వీధి పేరు రాశాను. "గుర్తు కూడా రాయండి, మా వాళ్ళకి సులువుగా ఉంటుంది" అంటే, పెట్రోలు బంకు వెనక, పచ్చ గేటు అని కూడా రాశాను.

ఈ జవాబు చదువుతుండగానే వదిన ఫోను మోగింది. ఆమె ఫొటో పెట్టి చాలా రోజులైంది. పాత ఫ్యాను ఫొటో కింద వచ్చింది, నక్షత్రంతో.

"మరిదిగారి ఇంట్లో ఉన్నారని ఇప్పుడే తెలిసింది. మనసు కుదుటపడింది. ఆ వీధి నాకు బాగా తెలుసు."

వదిన రెండూ చదివింది, మీ ఉత్తరమూ వాడి వ్యాఖ్యా. ఏడవలేదు. లోపలికి వెళ్ళి దిండు, దుప్పటి, బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చింది.

"ఎక్కడికి వదినా?" అన్నాను.

"వాడి పేరు దాచిన చోటికి."

"ఆఫీసుకా?"

"నా అడ్రసు వాడికి ఇచ్చేశారు. వాడి అడ్రసు మాత్రం తల తీసినా ఇవ్వరట. ఈ ఊళ్ళో మనుషుల్ని అంత భద్రంగా దాచే చోటు ఇంకెక్కడుందయ్యా? నన్ను కూడా అక్కడే దాచమను."

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే సిద్ధంగా పెట్టుకోండి సార్, మేం బయలుదేరాం. వదిన, నా భార్య, నేను. డ్రిల్లు మాస్టారు బస్టాపు దగ్గర కలుస్తానన్నారు. వదిన మీ గదిలోనే ఉంటుంది, వాడెవడో మీరు చెప్పేదాకా. కుర్చీ అడగదు. మీ బల్ల పక్కన పక్క పరుచుకునేంత చోటు చాలంది. ఈ అర్జీ కౌంటరులో ఇవ్వను, మీ చేతికే ఇస్తాను. దయచేసి దీనికి మాత్రం నకలు తీయించకండి.